దుమ్ముగూడెం ఆనకట్ట సాక్షిగా: స్టీమ్‌పంక్ పరాయిదన్న వాదానికి ఖండన

తెలుగులో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం స్టీమ్‌పంక్ నవల రావాలని ఎవరన్నా అంటే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. సాహిత్య సభల్లోనూ, ప్రచురణకర్తల దగ్గరా, బడి పంతుళ్ల మాటల్లోనూ అది కాస్త అటూ ఇటూగా ఒకే తీరున వినిపిస్తుంది. ఆవిరి యంత్రాలు, గాలి ఓడలు, ఇత్తడి పళ్లచక్రాలు, పొగచూరిన నగరాలు, ఇవన్నీ విక్టోరియా రాణి కాలం నాటి లండన్ సరుకు. తెలుగునేల ఆ యుగాన్ని చూడలేదు, చూడనిదాన్ని రాస్తే అరువు వేషమే మిగులుతుంది. అందులోనూ ఖమ్మం, భద్రాచలం అడవి అంచున అలాంటి కథ నడపడం మరీ విడ్డూరం. అక్కడున్నవి పోడు తగాదాలు, గోదావరి ముంపు, వలసలు. ఆ కష్టాల మీద సాహస ప్రేమకథ అల్లడం అన్యాయం. పైగా పెద్దల మాట వినని మొండి పిల్లను నాయికను చేసి, దానికి ప్రేమ కూడా జోడిస్తే పిల్లలకు ఏం నేర్పినట్టు? ఇంతా చేస్తే, అసలు తెలుగులో చదివే పిల్లలేరీ?

ఈ మాటలన్నీ ఛాందసం నుంచి పుట్టినవి కావు. అనువాదాల పేరుతో, అనుకరణల పేరుతో తెలుగు పిల్లల పుస్తకాల్లోకి చాలా చెత్త చేరిన మాట నిజం. అడవి బిడ్డలను సినిమా పాటలకు రంగుల తెరగా వాడుకున్న మాటా నిజం. ఆ అనుభవంతో భయపడేవారి భయాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. కానీ భయం వేరు, వాదం వేరు. ఈ వాదంలో ఒక్కో మెట్టునూ తడిమి చూస్తే ఏదీ బరువు ఆపదు.

1. ఆవిరి యుగం ఇటు రాలేదా?

మొదటి మెట్టు చరిత్రకు సంబంధించింది. అది పూర్తిగా తప్పు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ దృష్టి డెల్టా పొలాల దగ్గర ఆగలేదు. గోదావరిని సముద్రం నుంచి మధ్య భారతం దాకా ఆవిరి పడవల బాటగా మార్చాలన్నది ఆయన పట్టుదల. బేరారు, నాగపూరు పత్తి నది మీదుగానే కాకినాడ రేవుకు దిగాలి, అక్కడి నుంచి ఓడలెక్కి మాంచెస్టర్ మిల్లులకు చేరాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి రాక ఆగేసరికి ఇంగ్లండులో ఈ పథకానికి మద్దతు పెరిగింది. అడ్డల్లా నదిలోనే ఉంది. ఎగువన మూడు చోట్ల గోదావరి బండరాళ్ల మీదుగా దూకుతుంది. నీరు తగ్గాక అక్కడ పడవ నడవదు. ఆ మూడింటిలో మొదటి అడ్డు దుమ్ముగూడెం దగ్గర, భద్రాచలానికి ఎగువన, పర్ణశాల ఉన్న మండలంలోనే ఉంది.

హేగ్ అనే సైనిక ఇంజినీరు అక్కడ పని నడిపించాడు. నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టారు. బండలను తప్పించి పడవలు సాగడానికి పక్కన కాలువ తవ్వారు, కాలువకు లాకులు పెట్టారు. లాకు పని చేసే తీరు తెలిసినవారికి అందులో ఎంత కథ ఉందో వేరే చెప్పనక్కర్లేదు. దిగువ నుంచి వచ్చిన పడవ రెండు తలుపుల నడుమ గదిలోకి చేరుతుంది. వెనక తలుపు మూస్తారు. ఎగువ నీటిని తూముల గుండా గదిలోకి వదులుతారు. నీటితో పాటు పడవ మెల్లగా పైకి లేస్తుంది. గదిలో నీరు ఎగువ నీటికి సమానమయ్యాకే ముందు తలుపు తెరుచుకుంటుంది. ఒక తలుపు వేళకు మూయకపోతే పడవా, సరుకూ, మనుషులూ గల్లంతే. చుట్టూ దట్టమైన అడవి, జ్వరాలతో పడకేసిన కూలీలు, కొండల నడుమ స్టీమరు కూత. ఇది లండన్ నుంచి దిగుమతి చేసుకోవలసిన దృశ్యం కాదు. ఈ నది ఒడ్డున జరిగిన పని.

ఆ పని కోసం రాజ్యాల సరిహద్దులే మారాయి. 1860లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతాలు బ్రిటిష్ వారి చేతికి వెళ్లాయి. నది మీద సాగే సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతూ అందులో చేరింది. భద్రాచలం తాలూకా ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారి, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. నది పనులు ఇంకా సాగుతుండగానే 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి దారి మళ్లింది. 1871లో ఎగువ గోదావరి పనులను ప్రభుత్వం వదిలేసింది.

సరిగ్గా అదే సంవత్సరం, నదికి ఆవలి నేల మీద ఇంకో ఆవిరి కథ మొదలైంది. భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లెందు దగ్గర రాళ్లతో పొయ్యి పేర్చుకుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని సింగరేణి ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. ఆ పొరకు కింగ్ సీమ్ అన్న పేరు నిలిచిపోయింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందింది. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలుమార్గం పడింది. 1889 నాటికి బొగ్గు తవ్వకం సాగుతోంది. ఆ కంపెనీ వాటాలను లండన్‌లో అమ్మిన తీరు మీద పెద్ద గోల లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేయవలసి వచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కొత్తగూడెం రైల్వే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అనే పేరు ఇప్పటికీ ఉంది.

నది మీద ఆవిరి పడవ, నేల కింద బొగ్గు బాయి, రెంటి నడుమ అడవి, రెండు రాజ్యాల సరిహద్దు, లండన్ షేర్ బజారులో మోసం. ఇన్ని ఒక్కచోట దొరికే ప్రాంతాలు ప్రపంచంలో ఎన్నో లేవు. పైగా స్టీమ్‌పంక్ నవల అడిగే మొదటి ప్రశ్న ‘అలా జరిగి ఉంటే?’ అన్నదే. 1871లో పనులు ఆపకపోయి ఉంటే, చాందా దాకా స్టీమర్లు నడిచి ఉంటే, భద్రాచలం రేవు ఎలా ఉండేది? అక్కడి కోయ గూడేలు ఎవరి చేతిలో ఉండేవి? ఆ ప్రశ్నకు కావలసిన రాతికట్టడం దుమ్ముగూడెంలో నేటికీ నిలిచి ఉంది. సీతారామ ఎత్తిపోతల పథకానికి నీళ్లు తీసుకునేదీ ఆ దగ్గరి నుంచే.

2. ప్రక్రియ లండన్ సొత్తా?

రెండో మెట్టు: పేరూ ఊహా రెండూ పరాయివే అన్నది. పేరు సంగతి నిజమే. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో దాన్ని పుట్టించాడు. కానీ పేరు పుట్టిన ఊరే ఊహ పుట్టిన ఊరు కానక్కర్లేదు. నవల అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ ఇప్పుడు తెలుగు నవలను వెలివేయడం లేదు.

ఈ ప్రక్రియకు మూలపురుషుడిగా అందరూ చెప్పే జూల్స్ వెర్న్ ఫ్రెంచివాడు. 1880లో ఆయన రాసిన ‘ది స్టీమ్ హౌస్’ నవల పూర్తిగా భారతదేశంలో నడుస్తుంది. ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు చక్రాల ఇళ్లను లాక్కుంటూ దేశం మీద సాగిపోతుంది. 1857 తిరుగుబాటు గాయాలు, నానాసాహెబు, ప్రతీకారం, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన సృష్టించిన నాటిలస్ జలాంతర్గామి అధిపతి కెప్టెన్ నీమో బుందేల్‌ఖండ్ రాకుమారుడని ఇంకో నవలలో తేలుతుంది. బ్రిటిష్ సామ్రాజ్యం చేతిలో సర్వస్వం పోగొట్టుకున్న భారతీయుడు అతను. స్టీమ్‌పంక్‌కు పునాది వేసిన ఊహల్లోనే భారతదేశం ఉంది. అక్కడ అది అలంకారంగా లేదు, కోపంగా ఉంది.

ఇంకా దగ్గరికి వస్తే 1905 ఉంది. బేగం రొకేయా రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథలో ఆడవాళ్లు ఏలే దేశం ఉంది. ఎండ వేడిని పట్టి యుద్ధం గెలిచే స్త్రీ శాస్త్రవేత్తలున్నారు, గాలిలో ఎగిరే బండి ఉంది. రొకేయా బెంగాలీ. ఆ కథ మొదట అచ్చయింది మాత్రం మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో. ఆ పత్రిక స్థాపించి నడిపిన కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగు మహిళ. ఎగిరే బండ్లతో, యంత్రాలతో స్త్రీ రాజ్యాన్ని ఊహించిన ఆ కథను లోకానికి చూపించింది గోదావరి ఒడ్డు ఆడపడుచు.

ఆమె పుట్టిన ఊళ్లోనే 1890లలో కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. గలివర్ యాత్రల స్ఫూర్తితో సాగిన ఆ సాహసంలో స్త్రీలు పెత్తనం చేసే దేశం ఉంది, తలకిందులైన ఆచారాలున్నాయి. ఆంగ్ల కథ ఛాయ ఉందని వీరేశలింగాన్ని తెలుగు సాహిత్యం నుంచి ఎవరూ తీసివేయలేదు. ఆయనకు చెల్లిన హక్కు ఇప్పటి రచయితకు చెల్లదనడానికి కారణం ఉండాలి. ఆ కారణం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

3. మొండి అమ్మాయి పరాయి పిల్లా?

మూడో మెట్టు నాయిక. మాట వినని, తెగించే పిల్ల పాశ్చాత్య నవలల నమూనా అంటారు. ఫిలిప్ పుల్‌మన్ నవలలోని లైరా, స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ నవలలో మగవేషంతో వైమానిక దళంలో చేరిన డెరిన్ లాంటివారిని చూపిస్తారు. నిజమే, వాళ్లు అక్కడివాళ్లు. ఇక్కడివాళ్లు ఎవరన్నదే ప్రశ్న.

భద్రాచలం అడవికి ఆనుకుని ఉన్న మేడారంలో రెండేళ్లకోసారి లక్షల మంది కొలిచేది కాకతీయ సైన్యాన్ని ఎదిరించి నిలిచిన సమ్మక్కను, ఆమె కూతురు సారలమ్మను. చెయ్యెత్తి మొక్కేది ఒక తిరుగుబాటు తల్లికీ, ఆమెతో కలిసి పోరాడిన బిడ్డకూ. ఆ గద్దెల దగ్గర బెల్లం తూచి మొక్కు తీర్చుకున్న కుటుంబమే ఇంటికి తిరిగొచ్చి, ఎదురు చెప్పే ఆడపిల్ల కథ పిల్లలకు తగదంటే ఆ మాట ఎలా నిలుస్తుంది?

ఆవిరి యుగంలోనే వెతికితే హైదరాబాద్‌లో ఒక పిల్ల కనిపిస్తుంది. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. 1883లో చాందా రైలు పథకాన్ని వ్యతిరేకించినందుకు నిజాం ప్రభుత్వం ఆయన్ను రాజ్యం నుంచి బహిష్కరించింది. కూతురు పన్నెండో ఏట మద్రాసు మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం తెచ్చుకుంది. పదిహేనేళ్ల ప్రాయంలో గోవిందరాజులు నాయుడు అనే తెలుగు వైద్యుణ్ని ప్రేమించింది. వేరే కులం, వేరే భాష. ఇంట్లో ఒప్పుకోలేదు. 1895లో నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆమెను సముద్రం దాటించి ఇంగ్లండు పంపారు. మూడేళ్ల తర్వాత ఆమె తిరిగి వచ్చి, 1898లో మద్రాసులో ఆ వైద్యుణ్నే పెళ్లాడింది. ఆ పెళ్లి జరిపించింది వీరేశలింగం. ఆ అమ్మాయి సరోజినీ నాయుడు. పుట్టుకతో బెంగాలీ, పెరిగింది హైదరాబాద్‌లో, మెట్టింది తెలుగింట. రైలు కుట్ర, బహిష్కారం, ఓడ ప్రయాణం, మొండి ప్రేమ, చివరికి గెలుపు, ఏ ఒక్కటీ కల్పన కాదు.

ఇప్పటి కాలమే కావాలంటే 2014 మే 25 ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ నాటి ఖమ్మం జిల్లా చర్ల మండలం కుర్రవాడు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దున, ఈ వ్యాసం మాట్లాడుతున్న అడవి అంచునే ఉంది చర్ల. పదమూడేళ్ల పిల్ల మంచుకొండ ఎక్కితే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. అదే వయసు పిల్ల కాగితం మీద స్టీమరు చుక్కాని పడితే అసహజమనడం తర్కం కాదు.

4. ప్రేమ చెడగొడుతుందా?

నాలుగో మెట్టు నీతి. కౌమార వయసు పిల్లలకు ప్రేమకథ ఇస్తే దారి తప్పుతారంటారు. ఈ మాట వెనక ఒక అబద్ధపు ఊహ ఉంది. పుస్తకం ఇవ్వకపోతే పిల్లలకు ప్రేమ గురించి ఏమీ తెలియకుండా ఉంటుందన్న ఊహ అది. వాళ్ల చేతిలో ఫోను ఉంది, ఇంట్లో టీవీ ఉంది. వద్దన్న అమ్మాయి వెంట పడి వేధించి ఒప్పించడమే ప్రేమ అని చూపించిన తెలుగు సినిమాలకు లెక్క లేదు. ప్రేమ గురించి వాళ్లకు అందుతున్న పాఠం ఇప్పటికే అది. పుస్తకాన్ని ఆపితే ఆ పాఠం ఆగదు. దానికి బదులు చెప్పే గొంతు ఒక్కటి తగ్గుతుంది, అంతే.

ఆవిరి యుగం నేపథ్యంలో ప్రేమ రాయడానికి అంతకంటే బలమైన కారణం ఇంకోటుంది. ఆ కాలంలో ఆడపిల్ల ఇష్టం అన్నదే కోర్టుల దాకా వెళ్లిన సంగతి. చిన్నప్పుడు చేసిన పెళ్లిని ఒప్పుకోనన్న రుఖ్మాబాయిని 1887లో బొంబాయి హైకోర్టు భర్త దగ్గరికి వెళ్లు, లేదా జైలుకు వెళ్లు అంది. జైలుకే వెళ్తానని ఆమె తేల్చి చెప్పింది. తర్వాత ఇంగ్లండులో వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చింది. ఆ కేసు రేపిన చర్చ తర్వాత 1891లో వచ్చిన చట్టం బాలికల సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచింది. పన్నెండే. దానికి కూడా దేశంలో పెద్దమనుషులు ఎందరో ఎదురుతిరిగారు. దానికి పదేళ్ల ముందు, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లికి వచ్చినవాళ్లను సమాజం వెలి పెట్టింది.

ఇంత చరిత్ర నడుమ పదహారేళ్ల పిల్ల ‘ఇతను నాకిష్టం’ అనో, ‘ఇతను నాకు వద్దు’ అనో అంటే ఆ మాటకు ఎంత బరువు ఉంటుందో రచయిత చూపించగలడు. వద్దంటే ఆగే కుర్రాణ్ని, ఆమె పనిని గౌరవించే కుర్రాణ్ని నాయకుణ్ని చేయగలడు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలలో జయంతి ఉద్యోగం చేస్తూ, ఆత్మాభిమానం వదలకుండా ప్రేమించింది. ఆ నవల చదివి ఒక తరం ఆడపిల్లలు దారి తప్పలేదు. ఉద్యోగం చేసుకోవచ్చన్న ఆలోచనకు వాళ్లలో చాలామందికి ధైర్యం దొరికింది.

5. కష్టం ఉన్నచోట ఊహ తప్పా?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇది. దీనికి గౌరవంగానే జవాబు చెప్పాలి.

భద్రాచలం వాళ్లు గోదావరి అంటే ఏమిటో కరకట్ట మీద నిలబడి చూసినవాళ్లు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. పోలవరం ముంపు కారణంగా 2014లో ఏడు మండలాల ఊళ్లు రాష్ట్రం మారాయి. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం అందులోదే. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల గుడిసెలు ఇప్పటికీ అడవి అంచున పట్టా కోసం చూస్తున్నాయి. ఇంత ఉన్నచోట యంత్రాల కథ ఎందుకని అడగడంలో నిజాయితీ ఉంది.

కానీ ఈ వాదం ఒక తప్పు లెక్క మీద నిలబడింది. ఊహ అంటే కష్టం నుంచి పారిపోవడమేనన్న లెక్క అది. స్టీమ్‌పంక్ మంచి చేతుల్లో పడితే అడిగే ప్రశ్నలు ఇవి: యంత్రం ఎవరిది, బొగ్గు ఎవరి నేల కిందిది, లాభం ఏ ఊరికి పోతోంది, పొగ ఎవరి ఊపిరితిత్తుల్లో చేరుతోంది. భద్రాచలం చరిత్రలో ఈ ప్రశ్నలు కొత్తవి కావు. భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు పోడు చేసుకునేవాడు గొడ్డలికి నాలుగణాలు శిస్తు కడితే సరిపోయేది, అడవిలో ఎక్కడైనా కొట్టుకోవచ్చు. 1874లో మద్రాసు చేతికి వచ్చాక శిస్తు దాదాపు మూడు రెట్లయింది, మంచి అడవిలోకి రానివ్వడం మానేశారు. 1879లో రంప పితూరీ రేగితే అది రేకపల్లికీ పాకింది. గోదావరి మీద స్టీమర్లు పితూరీని అణచే పనికి దిగాయి. పత్తి మోస్తాయని చెప్పిన ఆవిరి పడవలు చివరికి మోసింది సిపాయిలను.

ఇప్పుడు ఒక నవలను ఊహించవచ్చు. 1879. దుమ్ముగూడెం లాకు తలుపులు తిప్పే కోయ కాపలాదారు కూతురికి పదహారేళ్లు. తండ్రి జ్వరంతో పడుంటే ఆమే లాకు నడుపుతుంది. ఏ తూము ఎంత తెరిస్తే పడవ ఎంత లేస్తుందో ఆమెకు చేతి లెక్క. ఒక రాత్రి దిగువ నుంచి స్టీమరు కూత వినిపిస్తుంది. అందులో సిపాయిలున్నారు, వాళ్లు వెళ్తున్నది ఆమె మేనమామల గూడెం మీదికి. స్టీమరు బాయిలరు దగ్గర బొగ్గు ఎగదోసే కుర్రాడు ఇల్లెందు వైపువాడు, ఆమెకు పరిచయస్తుడు. తలుపు తెరవాలా, మూయాలా? ఈ కథలో పారిపోవడం ఎక్కడుంది? గొడ్డలి శిస్తు, అడవి హక్కు, యంత్రం మీద పట్టు, ప్రేమ, నాలుగూ ఒకే తలుపు దగ్గర నిలబడ్డాయి. పదిహేనేళ్ల పాఠకురాలు ఆ పేజీ తిప్పినప్పుడు పోడు చరిత్ర పాఠ్యపుస్తకంలోని పేరాలా అనిపించదు.

అడవి బిడ్డలను అలంకారంగా వాడతారన్న భయం నిజమైందే. దానికి మందు ఆ కథలు రాయకుండా ఆపడం కాదు, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయడం. కోయ మాట, కోయ బంధుత్వం, ఇప్పపువ్వు ఏరే కాలం, గూడెం పంచాయితీ తీరు, ఇవి తెలిసినవారిని అడిగి రాయాలి. కోయ యువతీ యువకులే రాస్తే మరీ మంచిది. వాళ్ల దేవతలను కథకు రంగులద్దే సామగ్రిగా వాడకూడదు. ఈ షరతులు పెట్టడం న్యాయం. కష్టం తప్ప ఇంకేదీ రాయకూడదని శాసించడం మాత్రం అన్యాయం. ఆ శాసనం అమలైతే చర్ల, వెంకటాపురం, మణుగూరు పిల్లలకు అచ్చులో తమ ఊరి పేరు వరద వార్తల్లోనో ఎన్‌కౌంటర్ వార్తల్లోనో మాత్రమే కనిపిస్తుంది. సాహసం, తెలివి, ప్రేమ ఎప్పుడూ వేరే ఊరి పిల్లల సొత్తుగా మిగిలిపోతాయి.

గనుల సంగతీ అంతే. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దించకూడదంది. 2019లో కేంద్రం షరతులతో అనుమతి ఇచ్చింది. తట్టా, చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన తండ్రుల ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు బాయి దిగే ఉద్యోగాలకు దరఖాస్తు చేయగలుగుతున్నారు. ఆ తలుపు తెరుచుకోవడానికి పట్టిన కాలాన్ని ఒక సాహస నవల కంటే బాగా చెప్పే రూపం ఏదో విమర్శకులే చెప్పాలి.

6. చదివేవాళ్లు లేరా?

చివరి మెట్టు మార్కెట్. తెలుగులో చదివే పిల్లలు లేరు కాబట్టి రాయడం వృథా అంటారు. ఇది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసిన మాట. పదేళ్ల లోపు పిల్లలకు బొమ్మల కథలున్నాయి, పెద్దవాళ్లకు నవలలున్నాయి. పన్నెండు నుంచి పదిహేడు మధ్య వయసుకు తెలుగులో అలమర దాదాపు ఖాళీ. ఖాళీ అలమర ముందు నిలబడి పిల్లలు పుస్తకం తీసుకోవడం లేదని నిందించడం ఏ న్యాయం?

అలమర నిండుగా ఉన్న రోజుల్లో ఏం జరిగిందో తెలుగువాళ్లకు తెలుసు. 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ‘తోకచుక్క’ నుంచి మొదలై దశాబ్దాల పాటు నడిచాయి. చిత్రా అనే చిత్రకారుడి బొమ్మలతో వచ్చిన ‘రాతి రథం’, ‘పాతాళ దుర్గం’ కోసం పిల్లలు నెలంతా ఎదురు చూశారు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, వింత యంత్రాలు, వింత కోటలు తెలుగు పిల్లలకు కొత్త కావు. ఆ కథల్లో లోటు ఒక్కటే. గుర్రమెక్కింది, కత్తి పట్టింది దాదాపు ఎప్పుడూ మగపిల్లలే. ఇప్పుడు కావలసింది ఆ లోటు తీర్చే పని. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం), ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి పిల్లల నవలల పోటీలు పెట్టి, నెగ్గినవాటిని పుస్తకాలుగా వేశాయి. రాయమంటే రాసేవాళ్లున్నారని ఆ పోటీలు చూపించాయి. ఆ వరుసలో పై తరగతుల పిల్లల సాహస నవలకు చోటు దొరకాలి.

ఇలా ఒక్కో మెట్టూ చూశాక తేలేది ఇది. చరిత్ర ఇక్కడుంది. ఊహ ఇక్కడిదే. మొండి పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే ప్రేమించింది, ఇక్కడే గెలిచింది. కష్టం ఇక్కడున్నందుకే కథ కూడా ఇక్కడి నుంచి రావాలి. పరాయిది అన్న మాట ఇన్నాళ్లూ ఒక సాకుగా పనికొచ్చింది. ఆ సాకు వల్ల నష్టపోయింది రచయితలు కారు. ఇల్లెందు, దుమ్ముగూడెం, భద్రాచలం గురుకులాల్లో కూర్చుని వేరే దేశపు పొగమంచు గురించి మాత్రమే చదువుతున్న పిల్లలు.

ప్రచురణకర్తలు ఈ వయసు పిల్లల కోసం ఒక వరుస మొదలుపెట్టాలి. అందులో మొదటి పుస్తకం గోదావరి ఎగువ పనుల నేపథ్యంలో రావాలి. భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక్కసారి దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్లి, 1871లో ఎగువ గోదావరి పనులు ఎందుకు ఆగిపోయాయో చెప్పి, ఆగకపోతే ఏమయ్యేదో రాయమని అడగాలి. రచయితలు ఆ రాతలు చదివి తమ పని మొదలుపెట్టాలి.